మంద మొత్తానికీ మందు

సంతానం కలగకపోవడం పూర్తిగా ఆడవాళ్ల విభాగానికి చెందిన వ్యవహారమని చివ్వెంల దగ్గర గొర్రెలు కాసే ఒక ఇంట్లో ఏనాడో ఏకగ్రీవంగా తీర్మానించారు. (ఆ సమావేశానికి కోడలు నాగరాణి హాజరు కాలేదు. ఆ రోజు ఆమెకు దవాఖానలో రక్తపరీక్ష ఉంది.)

తీర్మానం అమలులో ఎక్కడా లోపం జరగలేదు. సూర్యాపేటలో ఆమె రక్తం తీశారు. కోదాడలో స్కానింగ్ చేశారు. సూర్యాపేట రక్తం, కోదాడ స్కానింగ్ తమ దగ్గర చెల్లవని మిర్యాలగూడలో రెండూ మళ్లీ చేసి, పైగా ట్యూబు పరీక్ష కూడా చేశారు. భర్త గోవర్ధన్ అన్ని ఊళ్లకూ బండి మీద తీసుకెళ్లాడు, ఆ విషయంలో అతనికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే గేటు దగ్గర ఆగిపోయేవాడు. ఏ దవాఖాన ముందైనా టీకొట్టు చుట్టూ భర్తల విభాగం ఒకటి స్వచ్ఛందంగా నడుస్తూ ఉంటుంది. సభ్యత్వానికి ఒక బండి, ఒక ఫోను, లోపల ఒక భార్య ఉంటే చాలు.

చివరికి సూర్యాపేటలోనే గ్రేస్ డాక్టరమ్మ విషయం పట్టుకుంది. క్లమీడియా అనే సూక్ష్మజీవి అంది.

"నాకు నొప్పి లేదు, జరం లేదు గద మేడం," అంది నాగరాణి.

"గదే దాని తెలివమ్మా. సప్పుడు చెయ్యదు."

గర్భాశయ ప్రాంత రక్షణ శాఖ పనితీరును డాక్టరమ్మ ఓపికగా వివరించింది. ఆ క్రిమి కణం లోపలికి పోయి తలుపేసుకుని కూర్చుంటుంది. గస్తీ సిబ్బంది బయటే తిరుగుతుంటారు. ఫిర్యాదు అందలేదు కనుక చర్య ఉండదు. ఆలస్యంగా మేల్కొన్నాక మాత్రం శాఖ మొత్తం ఒక్కసారే దిగుతుంది. దొంగ ఒక్కడే అయినా లాఠీ దెబ్బలు వీధి మొత్తానికీ తగులుతాయి. ఆ తర్వాత మరమ్మతు విభాగం వచ్చి, దెబ్బతిన్న అండనాళంలో మచ్చ మీద మచ్చ వేసుకుంటూ పోయి, దారినే మూసేస్తుంది. (పని సంతృప్తికరంగా పూర్తయినట్టే లెక్క.) ఇంత చేసినా, అదే దొంగ మళ్లీ వస్తే ఆపేంత జ్ఞాపకం శాఖకు ఉండదు.

"నీకు ఒక నాళం మూసుకపోయింది. ఇంకోటి మంచిగనే ఉంది, దాన్ని కాపాడుకోవాలె," అంది డాక్టరమ్మ. "ఆయన గూడ గోళీలు మింగాలె. నువ్వొక్కదానివే మింగితే మళ్లా అంటుకుంటది. కోర్సు అయిపోయేదాక ఇద్దరు దూరంగ ఉండుండ్రి."

ఆ రోజు నుంచి నాగరాణి ప్రాణమంతా ఆ ఒక్క నాళం మీదే ఉంది.

ఇంట్లో గోవర్ధన్ గోళీల పొట్లాన్ని దూరం నుంచే పరిశీలించాడు. "నాకేమైంది? దుక్కలెక్క ఉన్న," అన్నాడు.

"మొగోనికి గోళీలేందే? కడుపు మోసేది వాడా?" అంది అత్త ఆండాలు. పొట్లం అటక మీదికి చేరింది. అంటే ఉన్నతస్థాయి పరిశీలనలో ఉందన్నమాట.

(గోవర్ధన్ అసలు భయం వేరు. పెళ్లికి ముందు లారీ మీద తిరిగిన రోజుల గురించి ఎవరైనా అడుగుతారేమోనని. డాక్టరమ్మ అడగలేదు. ఇది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేమని, ఏళ్ల తరబడి నక్కి ఉంటుందని మాత్రం చెప్పింది.)

నాగరాణి తన గోళీలు తను మింగింది. కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే క్రిమి మళ్లీ హాజరు. దవాఖాన వరండాలో కూర్చుని ఆమె కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండో నాళానికి ఇంకా ఏమీ కాలేదని, ప్రతిసారీ ఇట్లాగే ఉంటుందని చెప్పలేనని హెచ్చరించి, డాక్టరమ్మ మళ్లీ రెండు పొట్లాలు ఇచ్చి పంపింది.

అదే నెలలో మందలో చూడి గొర్రెలకు గర్భం పోవడం మొదలైంది. గోవర్ధన్ క్షణం ఆగలేదు. గొర్రెలను, వాటితో పాటు పొట్టేలును కూడా ట్రాలీ ఆటో ఎక్కించి సూర్యాపేట పశువుల దవాఖానకు తీసుకెళ్లాడు. గేటు దగ్గర ఆగలేదు. పొట్టేలు తల నిమురుతూ సూది వేసేదాకా పక్కనే నిలబడ్డాడు. (జబ్బు వేరు, నిబంధన ఒక్కటే.)

సాయంత్రం పక్కింటి బక్కయ్య వచ్చాడు. రెండిళ్ల గొర్రెలూ ఒకే చోట మేస్తాయి.

"మామా, నీ పొట్టేలుకు గూడ సూదేపియ్యాలె," అన్నాడు గోవర్ధన్.

"దానికేమైంది? దుక్కలెక్క ఉంది."

"సూడనీకి గట్లనే ఉంటది. రోగం లోపల ఉంటది. గొర్లకేపిచ్చి పొట్టేలును ఇడిసిపెడితె ఏం ఫాయిదా? మళ్లా అంటుకుంటది. మంద మొత్తానికి ఒక్కపారే మందు వడాలె!"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న నాగరాణి చేట పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి, కొత్త పొట్లం, చెంబెడు నీళ్లు తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఏంది బిడ్డా అది?" అన్నాడు బక్కయ్య.

"గదే మామా. మంద మొత్తానికి."

బక్కయ్య వెళ్లిపోయాక గోవర్ధన్ పొట్లాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "అది గాదు రాణీ... ఆ లారీ మీద..."

"నేనడిగిన్నా? ముందుగాల గోళీ మింగు."

అడగాలని ఆమెకు లేకపోలేదు. ముందు నాళం, తర్వాత లారీ. గోవర్ధన్ మింగాడు. ఆమె కూడా మింగింది.

తర్వాతి పరీక్షలో ఇద్దరిలోనూ క్రిమి లేదు. కొంతకాలానికి నాగరాణికి నెల తప్పింది. బిడ్డ నాళంలో ఇరుక్కోకుండా ఉండాల్సిన చోటే ఉందని స్కానింగులో చూసి డాక్టరమ్మ చెప్పినప్పుడు, గోవర్ధన్ గేటు దగ్గర ఆగకుండా లోపలికొచ్చి, మొదటిసారి ఆమె పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కళ్లు తుడుచుకున్నది అతనే. నాగరాణికి నవ్వొచ్చింది.

ఇంట్లో మళ్లీ సమావేశం జరిగింది. కొడుకు గోళీలు మింగినందువల్లే కడుపు పండిందని తీర్మానించారు. (ఈసారి నాగరాణిని కూడా పిలిచారు. చాయ్ పెట్టాలి కదా.)

"మా ఇంట్ల మొగోళ్లు దవాఖానకు పోనీకి ఎనుకాడరు," అని ఆండాలు ఇప్పుడు వాడంతా చెబుతోంది. నాగరాణి కాదనదు. వాళ్లలో ముందు పోయిందెవరని ఎవరైనా అడిగితే, కొట్టంలో నెమరు వేస్తున్న పొట్టేలును చూపిస్తుంది.