రేగడిపాడు పాలాభిషేకం

ముందుగా ఒక మనవి. మా ఆయన పోయాకే నేను పలక పట్టాను. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు, చేయి కూడా నిదానం. ఒక్కో పేజీకి ఒక పూట పడుతోంది. తప్పులుంటే సర్దుకుని చదవండి, కథ మాత్రం మధ్యలో వదలకండి.

ఆ పొద్దున జహీరున్నీసా అనుకున్న పని చిన్నదే. గేదె పాలు పిండి, పాలకేంద్రంలో పొయ్యకుండా క్యానులోనే ఉంచాలి. కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీస్తూ టపాకాయల మోత కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. మోత వినపడగానే క్యాను ఎత్తుకుని బడి దగ్గరికి పోవాలి.

రేగడిపాడు బడిలో ఎనిమిదో తరగతి దాకానే ఉంది. ఆ పైన చదవాలంటే చీమకుర్తి రోడ్డు మీద గ్రానైట్ లారీల పక్కన సైకిలు తొక్కాలి. ఆమె మనవరాలు షిరీన్ ఎనిమిది పూర్తి చేయబోతోంది. కొడుకు ఖలీల్ ఖరాఖండిగా చెప్పేశాడు.

"ఊళ్ళో హైస్కూలొస్తే చదువుద్ది. రాకపోతే నీతోపాటు కల్లానికొచ్చి తొడిమలు తీస్తది. లారీల కింద పెట్టడానికి కాదమ్మా నేను పిల్లని కన్నది."

ఊళ్ళో అధికార పార్టీ మనిషి బుల్లయ్య. ఈసారి అసెంబ్లీలో చదువుల పద్దు మీద చర్చ జరిగేటప్పుడు మంత్రిగారు రేగడిపాడు హైస్కూలును ప్రకటిస్తారని ఎమ్మెల్యే అతనికి ఫోన్‌లో చెప్పాడు. బుల్లయ్య ఆగలేదు. పట్నం వెళ్ళి 'హైస్కూలు మంజూరు చేయించిన మా నాయకునికి ధన్యవాదాలు' అని ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో ఎమ్మెల్యే నిలువెత్తున ఉన్నాడు, బుల్లయ్య నడుమెత్తున ఉన్నాడు, బడి తపాలా బిళ్ళంత ఉంది. దాన్ని బడి గేటుకు కట్టి, చుట్టచుట్టి ఉంచాడు.

"అత్తా, టీవీలో ప్రకటన రాగానే టపాకాయలు కాలుస్తా. నువ్వు పాలు తెచ్చెయ్. నాయకుడి బొమ్మకి నీ గేదె పాలతోనే అభిషేకం. ఊళ్ళో నీళ్ళు కలవని పాలు నీవే."

"పోస్తాలే అల్లుడూ. ముందు వాళ్ళని ఆ మాట అననియ్యి," అంది జహీరున్నీసా.

ఆమె అనుమానానికి కారణం ఉంది. సభ మొదలైన దగ్గర్నుంచీ బుల్లయ్య ఇంట్లో టీవీ చూస్తూనే ఉంది. మొదటి రోజు ఇంటిపన్ను మీద చర్చ. పెంచింది మీరంటే మీరని పొద్దుగూకేదాకా అరుచుకున్నారు, పన్ను మాత్రం అర్ధరూపాయి తగ్గలేదు. రెండో రోజు, మొదటి రోజు ఎవరు ఎక్కువ అరిచారో తేలాలని అరుచుకున్నారు. మూడో రోజు కాగితాలు చింపి గాలిలోకి విసిరారు.

"కల్లంలో కూలోళ్ళు ఇట్టా చేస్తే మధ్యాహ్నం కూడా కాకుండానే ఇంటికి పంపేస్తారు," అందామె. "వీళ్ళకి భత్యం కూడానా?"

ఇవాళ ఆఖరి రోజు. చదువుల వంతు.

ఎండ కాస్త ముదిరాక ఊళ్ళో టపాకాయలు పేలాయి. జహీరున్నీసా ఒళ్ళో మిరపకాయలు దులుపుకుని లేచింది. చేతులు కడగలేదు, చెప్పులు వేసుకోలేదు. క్యాను నెత్తికెత్తుకుని పరుగు తీసింది. కల్లంలో ఉన్న ఆడవాళ్ళంతా ఆమె వెనకాలే. గేటు దగ్గర ఫ్లెక్సీ తాడు లాగారు, నాయకుడు జారి నిలబడ్డాడు. జహీరున్నీసా స్టూలెక్కి క్యాను వంచింది. పాలు ఆయన నొసటి నుంచి బుల్లయ్య మీసం మీదుగా బడి బొమ్మ మీదికి కారాయి.

హెడ్మాస్టరు లక్ష్మీనరసింహం గారు బయటికొచ్చి ఫ్లెక్సీ చదివారు. ఆయన కళ్ళు మెరిశాయి. అప్పటికప్పుడు వరండాలో బల్ల వేయించి తొమ్మిదో తరగతికి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. ఖలీల్ పొలంలోంచి బురదకాళ్ళతో వచ్చి, "మొదటి పేరు మా షిరీన్‌ది రాయండి సార్," అన్నాడు. మిరప ధరల మీద వార్త కోసం అటు వచ్చిన టీవీ విలేకరి శశిభూషణ్ ఇదంతా కెమెరాలో పట్టి ఛానెల్‌కు పంపేశాడు.

అప్పుడొచ్చాడు బుల్లయ్య, రొప్పుతూ.

"ఆపండి, ఆపండి. ఎవరు పొయ్యమన్నారు పాలు?"

"నువ్వే కదరా టపాకాయలు కాల్చింది?"

"నేనెక్కడ కాల్చానత్తా? ప్రేమదాసు కాల్చాడు."

ప్రేమదాసు ప్రతిపక్షం మనిషి. అతని నాయకుడు ఆ పూట సభను పది నిమిషాలు కూడా నడవనివ్వలేదు. చదువుల పద్దు ఎత్తకముందే సభ నిరవధికంగా వాయిదా పడింది. తమ నాయకుడు సాధించిన ఆ ఘనతకు ప్రేమదాసు పండగ చేసుకున్నాడు.

"అంటే హైస్కూలు రాలేదా?" అన్నాడు ఖలీల్. తల్లి వైపు తిరిగాడు. "అయితే పిల్ల పేరు కొట్టెయ్యమని చెప్పనా?"

షిరీన్ బల్ల పక్కనే నిలబడి ఉంది. జహీరున్నీసా ఆ పిల్ల మొహం చూసి స్టూలు మీద నుంచి దిగింది.

"ఫ్లెక్సీ చుట్టెయ్యాలి, జరగత్తా," అన్నాడు బుల్లయ్య.

"దాని మీద చెయ్యేశావంటే క్యానుతో కొడతా. పోసిన పాలు మళ్ళీ పొదుగులోకి పోతాయంట్రా? వాయిదా వేసుకోవడం వాళ్ళకి చెల్లుద్ది, నాకు చెల్లదు. మాస్టారూ, పేరు కొట్టెయ్యబాకండి."

ఈలోగా ప్రేమదాసు టీవీలో పాలాభిషేకం చూశాడు. సభలో ఏమీ జరగలేదనుకున్నాడే గాని, అవతలివాళ్ళు సందు చూసి హైస్కూలు తెచ్చేసుకున్నారని అనుమానం వచ్చింది. వెంటనే తన నాయకుడికి ఫోన్ చేశాడు. ఆ నాయకుడు సభ మెట్ల మీదే నిలబడి, "మా ఒత్తిడికి తలొగ్గే రేగడిపాడుకు హైస్కూలు ఇచ్చారు," అని ప్రకటించాడు. అది చూసిన మంత్రి, ఎమ్మెల్యేకు ఫోన్ చేసి, "నేనివ్వని హైస్కూలుకు నీ ఊళ్ళో పాలెందుకు పోస్తున్నారయ్యా? వెళ్ళి సర్దిచెప్పు," అని కసిరాడు.

సాయంత్రానికి ఎమ్మెల్యే కారు బడి ముందు ఆగింది. ఆయన దిగీ దిగగానే, "చూడండమ్మా, అసలు జరిగిందేమిటంటే," అని మొదలుపెట్టాడు. జహీరున్నీసా ముందుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"బాబూ, మా పిల్ల చదువు నిలబెట్టావు."

ఆమె వెనకాల కల్లం ఆడవాళ్ళంతా వరసగా వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. పొద్దుటినుంచీ ఘాటు మిరపకాయలకు తొడిమలు తీసిన చేతులు అవి. ఉక్కపోతకు ఎమ్మెల్యే అరచేత్తో మొహం తుడుచుకున్నాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. అంతే. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, గొంతు పూడుకుపోయింది. చెప్పాలనుకున్న మాట ఒక్కటీ బయటికి రాలేదు. తుడుచుకున్న కొద్దీ ఏడుపు ఎక్కువైంది.

శశిభూషణ్ మైకు అందుకున్నాడు. "చూస్తున్నారు కదా, ఎమ్మెల్యే గారు ఆనందబాష్పాలు ఆపుకోలేకపోతున్నారు. సొంత ఊరి బడి కోసమైనా ఇంతగా కన్నీరు పెట్టిన నాయకుణ్ణి మనం చూడలేదు."

రాష్ట్రమంతా చూసింది. ఆ కన్నీళ్ళ తర్వాత కాదనడం ఎవరి వల్లా కాలేదు. ఇవ్వలేదంటే ఎమ్మెల్యే ఏడుపు అబద్ధమవుతుంది, ఆలస్యం చేస్తే ఘనత ప్రతిపక్షానికి పోతుంది. మంత్రి సంతకం పెట్టాడు. బడులు తెరిచిన రోజున తొమ్మిదో తరగతి గదికి రెండు పార్టీలూ విడివిడిగా రెండుసార్లు రిబ్బను కత్తిరించాయి. మొదటి బెంచీ మీద షిరీన్ కూర్చుంది. కిటికీ బయట నిలబడి ఖలీల్, "అమ్మా, పిల్ల పదో తరగతి కూడా ఇక్కడే చదువుద్దిగా," అని అడిగాడు. "చదవకేం," అంది జహీరున్నీసా, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఆ రోజు ఆమె చేతులు శుభ్రంగా కడుక్కునే వచ్చింది.

ఈ సంగతి విన్న పక్క ఊరివాళ్ళు రోడ్డు కోసం అర్జీలు పెట్టడం మానేసి, తలా కాస్త వేసుకుని రెండు పాడిగేదెల్ని కొన్నారు.

గేరా ఏస్తేరమ్మ
వయసు అరవై తొమ్మిది
ప్రస్తుతం ఉండేది నల్లపాడు