రెండు రంగుల కరపత్రం

ఆ ఉదయం తోజిమత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉజ్గెన్ బజారు గేటు పక్కనున్న తన అచ్చుకొట్టు తెరవాలి, కుస్తీ పోటీల పోస్టర్లు చకచకా అచ్చేసెయ్యాలి, ఆ తర్వాత టీకొట్టు బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని మధ్యాహ్నం పులావు దిగేదాకా కబుర్లు చెప్పుకోవాలి. ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత డూప్లికేటర్ ఒకటి అతని ఆస్తి. దానికి ఒకసారికి ఒకే రంగు వచ్చు. కాగితం నాసిరకం, సిరా ఓ పట్టాన ఆరదు. అయినా అంత చవగ్గా కరపత్రాలు వేసేవాడు పట్టణంలో మరొకడు లేడు. రెండో రంగు కావాలంటే కాగితాలన్నీ ఆరబెట్టి, సిరా డబ్బా మార్చి, మళ్ళీ మొదటినుంచీ తిప్పాలి. అందుకే ఎవరు అడిగినా "రెండో రంగు మా నాన్న బతికొచ్చి అడిగినా వెయ్యను" అనేవాడు.

కొట్లో అడుగు పెట్టేసరికి తాళ్ళనిండా కాగితాలు ఆరుతున్నాయి. ప్రతి కాగితం మీదా ఓ ఎర్రటి నవ్వు.

భార్య ఓయ్‌నిసా అప్పటికే వచ్చి సిరా చేతులు తుడుచుకుంటోంది. బొమ్మలు గీయడం, అక్షరాలు పేర్చి అతికించడం ఆమె పని. యంత్రం తిప్పడం, విసుక్కోవడం అతని పని. ఈ రోజు యంత్రం కూడా ఆమే తిప్పేసింది.

"ఎవరివివి?" అన్నాడు తోజిమత్.

"కొత్త పళ్ళ డాక్టరుగారివి. ఇల్గిజ్ అట, నరీన్ నుంచి వచ్చాడు. ఎదురు సందులో గది తీసుకున్నాడు. నిన్న మీరు టీకొట్లో ఉన్నప్పుడు వచ్చి అడిగాడు."

"రెండు రంగులా?"

"నవ్వు నల్లగా ఉంటే ఏం బాగుంటుందండీ?"

తోజిమత్ ఒక కాగితాన్ని దగ్గరగా చూశాడు. పన్ను పన్నునీ విడివిడిగా, ఓపిగ్గా గీసింది. కింది పెదవి మీద చిన్న మెరుపు కూడా పెట్టింది. తన కొట్టు బోర్డు రంగు వెలిసిపోయి, అక్కడ అచ్చు వేస్తారో గుర్రాలకు నాడాలు వేస్తారో తెలియని స్థితికి వచ్చి చాలాకాలమైంది. దాని మీద ఈ చెయ్యి ఒక్క గీత గీసిన పాపాన పోలేదు.

"ఎలా ఉంటాడు?" అన్నాడు.

"ఎవరు?"

"డాక్టరు."

"డాక్టర్లాగే ఉంటాడు. పళ్ళు మాత్రం బాగుంటాయి" అని ఓయ్‌నిసా రొట్టెలు తేవడానికి బయటికి వెళ్ళింది.

తోజిమత్ నాలుకతో తన పళ్ళన్నీ ఒకసారి తడుముకున్నాడు. టీ మరకలు నాలుకకు తెలియవు గానీ, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో అతనికి తెలుసు. అతను యంత్రం వైపు తిరిగాడు. యంత్రం మీద నల్లరంగులో వేయాల్సిన మూలప్రతి సిద్ధంగా ఉంది: "డాక్టర్ ఇల్గిజ్. పళ్ళు తీయబడును. నొప్పి పుట్టదు. మా మాట నమ్మి రండి."

మా ఉజ్బెక్ భాషలో నొప్పి పుట్టదనడానికీ పుడుతుందనడానికీ తేడా మధ్యలో ఉన్న రెండక్షరాలే. తోజిమత్ తెల్లరంగు సీసా తీసి, ఆ రెండింటి మీదా కుంచె ఆనించాడు. ఆరేదాకా ఊదాడు. తర్వాత ఆరిన కాగితాలు తాళ్ళ మీంచి దించి యంత్రం తిప్పాడు. ఇంత హుషారుగా అతను పని చెయ్యడం ఆ యంత్రం ఎన్నడూ ఎరగదు.

ఓయ్‌నిసా తిరిగొచ్చేసరికి కట్టలు కట్టి ఉన్నాయి. "అప్పుడే అయిపోయిందా? ఇవాళ మీకేమైంది?" అంది సంతోషంగా. ఆ కట్టలు తీసుకెళ్ళి ఎదురుగా రొట్టెలమ్మే హోసియత్ బుట్ట పక్కన పెట్టింది. రొట్టె కొన్న ప్రతివాళ్ళకీ ఒక కరపత్రం చుట్టివ్వాలని ఒప్పందం.

తోజిమత్ టీకొట్లో కూర్చుని వేడుక చూడటానికి సిద్ధమయ్యాడు. జనం నవ్వుతారు, డాక్టరు కరపత్రం పట్టుకుని మండిపడుతూ వస్తాడు, ఇక ఈ కొట్టు గడప తొక్కడు. అదీ అతని లెక్క.

జనం నవ్విన మాట నిజమే. కానీ హోసియత్ భర్త రుజిబాయ్ నవ్వలేదు. అతనిది మాంసం కొట్టు. మనిషి తలుపంత ఉంటాడు. కరపత్రం రెండుసార్లు చదివి, కత్తి పక్కన పెట్టాడు.

"నొప్పి పుడుతుందట. మొహం మీదే చెప్తున్నాడు. మనమేదో భయపడతామనుకుంటున్నాడు" అన్నాడు.

"నీకు పన్ను నొప్పి ఉందా?" అంది హోసియత్.

"ఉండటం లేకపోవడం కాదు విషయం" అని ఏప్రన్ విప్పేశాడు.

అతను వెళ్ళడం బజారంతా చూసింది. వెనకే బస్తాలు మోసేవాళ్ళు వెళ్ళారు. బియ్యం కొట్టువాళ్ళు వెళ్ళారు. పోస్టర్ల కోసం వచ్చిన కుస్తీ వస్తాదు వాటి సంగతే మరిచిపోయి, గట్టి పళ్ళన్నీ నోట్లో పెట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఏ పన్నూ పుచ్చలేదని డాక్టరు చెబితే, "కనీసం గీకండి, ఊరికే వెళ్ళలేను" అన్నాడట. వరస సందు దాటి, టీకొట్టు దాటి, తోజిమత్ కూర్చున్న బల్ల దాకా వచ్చింది. "కాస్త జరగన్నా" అన్నారు ఎవరో అతన్ని.

పొద్దు వాలుతుండగా డాక్టరు ఇల్గిజ్ తేనె కేకు పెట్టె, ఒక కరపత్రం పట్టుకుని కొట్టుకు వచ్చాడు. నిజంగానే పళ్ళు బాగున్నాయి. తోజిమత్ వాటివైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు.

"అక్కా, ఇలా రాయాలని మీకెలా తట్టిందో గానీ" అన్నాడు డాక్టరు, "మగవాళ్ళు తోసుకుంటూ పళ్ళ డాక్టరు దగ్గరికి రావడం నేనెక్కడా చూడలేదు. మీ తెలివికి దణ్ణం పెట్టాలి."

ఓయ్‌నిసా కరపత్రం అందుకుని చదివింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది వినయమనుకుని డాక్టరు మరింత పొగిడి వెళ్ళాడు. ఆమె భర్తవైపు తిరిగింది. తోజిమత్ యంత్రానికి నూనె వేస్తున్నాడు.

"నా చేతిలోనే అక్షరాలు జారిపోయాయేమో" అంది ఆమె, చాలా చిన్నగా. "ఎప్పుడూ జారలేదు."

ఆ క్షణంలో చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. ఆమె కేకు ముట్టలేదు. తోజిమత్ తిన్నాడు. కేకు చాలా బాగుంది, అది మరీ కష్టంగా ఉంది.

మర్నాడు కొట్టు తెరిచారో లేదో, బుగ్గలో దూదితో రుజిబాయ్ దిగబడ్డాడు. వెనక సగం బజారు ఉంది. మధ్యలో డాక్టరు ఇల్గిజ్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

"నొప్పి పుట్టలేదు" అన్నాడు రుజిబాయ్.

"మరి మంచిదేగా?" అంది ఓయ్‌నిసా.

"ఏం మంచిది చెల్లెమ్మా? నొప్పి పుడుతుందని అచ్చేసి పంచారు. అందరూ చూస్తుండగా వెళ్ళి కూర్చున్నా. చీమ కుట్టినంత కూడా లేదు. నా తర్వాత సేమ్యాలమ్మే ముసలావిడ వెళ్ళి నవ్వుకుంటూ బయటికొచ్చింది. ఇక నా పరువేం కావాలి?"

"ఇంజక్షన్ ఇస్తే నొప్పి ఎలా ఉంటుందన్నా?" అన్నాడు డాక్టరు దీనంగా.

"అయితే అబద్ధం అచ్చేయించావా?" అన్నాడు బియ్యం కొట్టు ఆసామి. అసలు తీయాల్సిన పన్ను తీశాడా అని ఒకరికి అనుమానం వచ్చింది. మోసగాణ్ణి బజార్లో ఉండనివ్వకూడదని ఇంకొకరు తీర్మానించారు. గది ఇచ్చిన పెద్దమనిషి తాళంచెవి చేతిలో ఆడిస్తూ ఆలోచనలో పడ్డాడు.

ఓయ్‌నిసా గడప దిగి డాక్టరుకూ జనానికీ మధ్య నిలబడింది. "ఆయన్నేమీ అనకండి. అది నా అచ్చుతప్పు. ఈ కొట్లో మీరెవరూ ఇంకేం వేయించుకోకపోయినా సరే, తప్పు నాది."

"అక్కనెవరూ ఏమీ అనకండి" అన్నాడు డాక్టరు. "ఆ బొమ్మ చూశారా? అలాంటి చెయ్యి..."

తోజిమత్ అన్నీ ఓర్చుకున్నాడు గానీ, తన భార్యను ఆ పళ్ళు వెనకేసుకురావడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

"ఆవిడ చేతిలో ఏనాడూ అక్షరం జారలేదు. దాన్ని చెరిపింది నేను" అన్నాడు.

"ఎందుకూ?" అన్నాడు రుజిబాయ్.

తోజిమత్ నేలచూపులు చూశాడు. "కుళ్ళొచ్చింది. ఆయన పళ్ళు బాగుంటాయంది."

జనంలో ఎవరో టీ మింగబోయి దగ్గారు.

"పళ్ళ డాక్టరు పళ్ళు బాగుండక ఎవరివి బాగుంటాయి?" అంది ఓయ్‌నిసా. "కొట్టు గోడ మీద నేను గీసిన బొమ్మ చూసి బాగుందన్నాడాయన. అంతే. అందుకే ఎర్రరంగు వేశాను. ఇన్నేళ్ళుగా గీస్తున్నానే, మీరు 'అయిందా' అనడమే గానీ 'బాగుంది' అని ఒక్కసారైనా అన్నారా? పైగా రాత్రంతా నా చేతినే తిట్టుకుంటుంటే పక్కనే కూర్చుని కేకు తిన్నారు."

ఇక ఆమె జలాలాబాద్‌లోని తన అన్న ఇంటికి వెళ్ళిపోతుందనుకున్నాడు తోజిమత్. జనం కూడా అదే అనుకుని కదలకుండా నిలబడ్డారు.

అప్పుడు హోసియత్ రొట్టెల బుట్ట దించి భర్తవైపు తిరిగింది. "విన్నావా? పెళ్ళాం పరాయివాడి పళ్ళు బాగున్నాయందని తన పని తనే పాడుచేసుకున్నాడు ఆ మనిషి. నేను ఎవరెవరితో పూటంతా ఇకిలించినా, నువ్వు తల ఎత్తకుండా బొమికలు కొడుతూ కూర్చుంటావు."

రుజిబాయ్ ఏదో అనబోయాడు. దూది అడ్డమొచ్చింది.

"మా ఆయనా అంతే. నేను ఊళ్ళో ఉన్నానో లేనో కూడా అడగడు" అంది పెరుగమ్మే ఆవిడ. ఆడవాళ్ళంతా ఓయ్‌నిసా చుట్టూ మూగి, కొత్త పట్టు అంగీ వేసుకొచ్చిన దాన్ని చూసినట్టు చూశారు. ఆ చూపుల్లో కాస్త కుళ్ళు ఉంది. ఓయ్‌నిసా తలగుడ్డ సర్దుకుంది. ముఖంలో కోపం నిలబెట్టుకోవడానికి నానా అవస్థ పడింది. మగవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దమనిషి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

కొత్త కరపత్రాలు ఊరికే వేసిచ్చారు, రెండు రంగుల్లో. యంత్రం తోజిమతే తిప్పాడు, సిరా డబ్బా తనే మార్చాడు, మోచేతులదాకా ఎరుపు చేసుకున్నాడు. మొదటి కాగితం తాడుకు తగిలించి చాలాసేపు చూసి, "బాగుంది" అన్నాడు.

"యంత్రంతోనా అంటున్నారు?" అంది ఓయ్‌నిసా.

"నీతోనే."

ఆ వారం చివర్లో బజారు పల్చబడిన వేళ రుజిబాయ్ ఒక్కడే వచ్చాడు. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి వేశాడు.

"అన్నా, నాకూ ఒక పోస్టరు వేసిపెట్టు. మా ఆవిడ ఫలానావాడితో మాట్లాడితే నాకు కడుపు మండిపోతోందని, పెద్ద పెద్ద అక్షరాల్లో."

"ఫలానావాడంటే ఎవరు?"

రుజిబాయ్ గడ్డం గోక్కున్నాడు. "అదే తెలీదు. ఇంట్లో అడిగితే తంతుంది. పేరు దగ్గర ఖాళీ వదిలెయ్."

ఖాళీ వదిలిన ఆ పోస్టరుకు ఆ వసంతంలో ఉజ్గెన్ బజారులో గిరాకీ బాగానే నడిచింది.