కరుణరసంలో రైలు స్టేషను

మా ఆయన రాజారత్నం పంతులుగారి కళ్ళకు పొరలొచ్చిన ఏడాది, మద్రాసు పత్రిక ఒకటి వ్యాసాల పోటీ పెట్టింది. మన కరుణరసాన్నీ, దొరల విషాద నాటక సిద్ధాంతాన్నీ పోల్చి రాయాలి. గెలిచినవారికి పత్రికలో ఏడాది ఉద్యోగం. మద్రాసులోనే ఉండాలి.

ఆయన చెబుతారు, నేను రాయాలి. నేను బడికి పోలేదు. ఆయన బైబిలు చదువుతుంటే భుజం మీదుగా తొంగిచూసి అక్షరాలు పట్టుకున్నదాన్ని.

"రాశావటే?"

"రాశానండీ."

"ఏదీ, చదువు."

"'పరుల దుఃఖం చూచి ప్రేక్షకుని మనసు కడిగినట్లగునని పాశ్చాత్యులందురు.' ఏమండీ, మద్రాసులో మీ కంచం ఎవరు కడుగుతారు?"

"అది గూడా రాశావా ఏంది?"

"ఇంకా రాయలేదు."

పెద్దాడు బర్మా యుద్ధానికి పోయాడు. అమ్మాయి నర్సు చదువుకని పోయింది. ఎవరు గడప దాటినా ఆ చెప్పుల చప్పుడు నాకు నెలల తరబడి వినబడుతుంది. ఈయన కూడా పోతే ఇక నాతో మాట్లాడేవి కుండలే.

అందుకే వ్యాసం చెడగొట్టాలనుకున్నాను. మధ్యాహ్నం ఆయన రసం మధ్యలో కునుకు తీస్తే, నా సొంత ముక్క ఇరికించాను.

నరసరావుపేట స్టేషనుకు పోయి ఎవరి ప్రయాణానికో ఏడ్చిరావడం నాకు అలవాటు. ఎవరి కూతురో కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. ఆ తల్లికంటే ముందు నేను బావురుమంటాను. పొగ పలచబడి వినుకొండ వైపు ఆకాశంలో కలిసేదాకా కలలో ఉన్నట్టు నిలబడతాను. ఇంటికొచ్చేసరికి గుండె తేలిక, కడుపులో ఆకలి. సొంత కొడుకు రైలెక్కిన రోజు మాత్రం కంట చుక్క రాలేదు. మూడు రోజులు ముద్ద దిగలేదు.

ఇదంతా రాసి, 'కాబట్టి ఏడుపు పరాయిదైతే రసం, సొంతదైతే రోగం' అని తీర్పు కూడా చెప్పాను. సంపాదకుడు కట్ట విసిరికొడతాడని నా ధీమా.

పోస్టుమాను మహబూబ్ వచ్చి కట్ట తీసుకున్నాడు. కాళ్ళు సాగాలంటూ మా ఆయన కూడా అతని వెంట పోస్టాఫీసు దాకా నడిచారు. నేను నమ్మాను.

రెండు నెలలకు జవాబొచ్చింది.

"ఇటివ్వు మహబూబ్, నేను చదువుతా."

"పంతులుగారు నన్నే చదవమన్నారమ్మా."

'రసచర్చ అందరూ రాసినదే. స్టేషను ఏడుపు మాత్రం ఎవరూ రాయలేదు. బహుమతి మీదే. శ్రీమతి దయామణిగారు వచ్చే నెల మద్రాసు రావలెను.'

నేను అరుగు మీద మా ఆయన పక్కన కూలబడ్డాను. "నా పేరెట్టా వచ్చిందయ్యా?"

"పోస్టాఫీసులో పంతులుగారు అంతా నాచేత చదివించుకున్నారమ్మా. ఏడుపు ముక్క రెండుసార్లు. ఆయన పేరు కొట్టేయించి మీ పేరు రాయించారు."

"ఏందండీ ఈ పని?"

"నేను చెప్పంది నా పేరుతో ఎట్టా పంపేది?" ఆయన నవ్వు ఆపుకుంటున్నారు. "పోయిరా. ఏడాదేగా. సద్దన్నం తిని పడుంటాలే."

"కళ్ళు కనపడని మనిషిని వదిలి నేనెట్టా పోతాను? మీరూ రావాల్సిందే!"

"రాసేదానివి నువ్వైతే, నేనొక్కణ్ణే పోయి మద్రాసులో ఏం చేస్తాననుకున్నావే? ఇద్దరం పోదామని మొదటిరోజే అనుకున్నా. నువ్వు అడిగితేగా!"

"మీరు చెబితేగా!"

మహబూబ్ టోపీ సర్దుకుంటూ గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

మా ఆయన తీరిగ్గా బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. "నెలకో వ్యాసం రాయాలంట. చానా పనుంది. ముందు ఇది చెప్పు. మొగుణ్ణి ఆపటానికి రాసిన వ్యాసం ఏ సిద్ధాంతం కిందకొస్తది?"

పాలు పొంగుతున్నాయని చెప్పి లోపలికి పోయాను. పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.