ఆపకూడని ఇంజన్

శనివారం పొద్దున లెనార్డ్ వేసుకున్న ప్లాను చిన్నదే. భార్య డార్లీన్ తను కాల్చిన ఆపిల్ పైలు పట్టుకుని చర్చిలో అమ్మకానికి వెళ్తుంది. ఆమె అటు వెళ్లగానే అతను ఇంజన్ స్టార్ట్ చేస్తాడు. ఆమె తిరిగొచ్చేసరికి చేతులు కడుక్కుని కాఫీ తాగుతూ ఉంటాడు.

గరాజ్‌లో ఉన్నది అరవై తొమ్మిది నాటి పోంటియాక్ కారు. అతను దాన్ని విప్పుతూ, బిగిస్తూ ఉన్నన్నాళ్లూ డార్లీన్ కారు వీధిలోనే పడి ఉంది. మిషిగన్ చలిలో రోజూ పొద్దున్నే అద్దం మీది మంచు గీక్కుంటూ ఆమె మొగుణ్ణి తలుచుకునేది. ఈ ఏడు మాత్రం తేల్చి చెప్పేసింది. "మొదటి మంచు పడేలోపు అది తన ఇంజన్‌తో తను గరాజ్ దాటాలి. లేదంటే కొనేవాణ్ణి పిలుస్తా."

లోపల తిరిగే కామ్‌షాఫ్ట్ అనే కడ్డీ కొత్తది వేసిన పాత ఇంజన్‌కి ఒక మొండి పద్ధతి ఉంది. మొదటిసారి స్టార్ట్ చేశాక ఇరవై నిమిషాలు రేజ్ చేసి ఉంచాలి, మధ్యలో ఆపితే షాఫ్ట్ అరిగిపోతుంది. కిందటి వసంతంలో డార్లీన్ భోజనానికి పిలిచిందని ఆపాడు. షాఫ్ట్ పోయింది. ఆ భోజనం గురించి ఆమె ఎండాకాలమంతా వినాల్సి వచ్చింది.

డార్లీన్ చర్చికి వెళ్లగానే ఇంజన్ ఉరిమింది. కొత్త పైపుల మీది నూనె కాలి గరాజ్ తలుపులోంచి తెల్లటి పొగ బయటికి తన్నుకొచ్చింది. పక్కింటి వాకిట్లో రాలిన ఆకులు పోగుచేస్తున్న ఆర్లిస్ అనే పెద్దావిడ పరుగున వచ్చింది. లెనార్డ్ బానెట్ కింద వంగి, రేజ్ తగ్గకుండా ఒక చేత్తో థ్రాటిల్ మీట పట్టుకుని, కదలకుండా ఉన్నాడు. దగ్గరికి రావద్దని రెండో చెయ్యి గట్టిగా ఊపాడు.

ఆర్లిస్ వెంటనే ఫోన్ అందుకుంది. "మా పక్కింటాయన చెయ్యి ఇంజన్‌లో ఇరుక్కుపోయింది. పాపం, రెండో చెయ్యి ఊపి పిలుస్తున్నాడు. త్వరగా రండి బాబూ."

అగ్నిమాపక బండి వచ్చి గరాజ్ ముందు వాలుగా దిగే డ్రైవ్‌వేకి అడ్డంగా ఆగింది. కెప్టెన్ రాస్క్ లోపలికొచ్చి, చెయ్యి క్షేమంగానే ఉందని చూసి, బ్యాటరీ వైరు పీకబోయాడు. లెనార్డ్ రెండో చేత్తో బ్యాటరీని కావలించుకున్నాడు.

"ఆపొద్దు. ఇంకా పది నిమిషాలు."

"ఏమంటున్నాడు?" ఇంజన్ మోతలో అరిచాడు రాస్క్.

"పది నిమిషాలు ఆగమంటున్నాడు సార్" అన్నాడు వెనకున్న సిబ్బందిలో ఒకడు.

"పొగ తలకెక్కింది. మాస్కు పెట్టండి."

ఆక్సిజన్ మాస్కు పెట్టాక లెనార్డ్ ఎంత మొత్తుకున్నా మూలుగే వినిపించింది. మూలుగు విని ఇంకో ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. థ్రాటిల్ మీద అతని వేళ్లు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. చివరి వేలు జారేలోపు పిండి అంటిన చెయ్యి ఒకటి వచ్చి థ్రాటిల్ అందుకుంది.

ఆర్లిస్ ఫోన్ చేస్తే డార్లీన్ పైలు కోసే కత్తితో సహా వచ్చేసింది. థ్రాటిల్ వదలకుండానే ముందు మొగుడి వేళ్లు లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి.

"అమ్మా, దీన్ని ఎలా ఆపాలో చెప్పండి" అన్నాడు రాస్క్.

"ఎవరూ ముట్టుకోవద్దు. ఇంకెంతసేపు, లెనీ?"

మాస్కు మీంచి గుడ్లప్పగించి చూస్తూ లెనార్డ్ ఏడు వేళ్లు చూపించాడు.

"మీరేంటమ్మా, మీరు కూడానా?"

"ఆ షాఫ్ట్ గోల ఇంకో ఏడాది వినే ఓపిక నాకు లేదు నాయనా. పక్కకి నిలబడండి."

కత్తి చూసి అందరూ పక్కకి తప్పుకున్నారు. రాస్క్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, సంతాప సభలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

గడువు ముగిసింది. డార్లీన్ చెయ్యి తీసింది. ఇంజన్ మెత్తగా, నిలకడగా తిరుగుతోంది. ఇంత సొంపుగా తిరుగుతుందని లెనార్డ్ కూడా అనుకోలేదు. అతను నోరు తెరుచుకుని ఉండగానే డార్లీన్ కారెక్కి, సీటు బదులు బోర్లించిన బకెట్ మీద కూర్చుని, రివర్స్ గేరు వేసింది.

"తప్పుకోండి. నా కారు ఇవాళే లోపలికొస్తుంది."

లెనార్డ్ మాస్కు పీకేశాడు. "డార్లీన్, దానికి బ్రేకులు ఇంకా బిగించలేదు."

పోంటియాక్ అప్పటికే వాలులో ఉంది. హుందాగా వెనక్కి జారి, అగ్నిమాపక బండి చక్రానికి ఆనుకుని ఆగింది. డార్లీన్ స్టీరింగ్ వదల్లేదు, రెప్ప వేయలేదు. రాస్క్ లెనార్డ్ చేతిలోని మాస్కు తీసుకుని ఆమెకి పెట్టాడు.

మొదటి మంచు రవ్వ ఆ తర్వాతే రాలింది కాబట్టి, మాట ప్రకారం పోంటియాక్ నెగ్గినట్టే.