లెస్లీ వచ్చింది

శనివారం పొద్దున్నే భర్తతో కలిసి కొండగట్టు వెళ్ళాలి, అంజన్న దర్శనం చేసుకోవాలి, మధ్యాహ్నానికల్లా కరీంనగర్ తిరిగొచ్చి మగ్గం ముందు కూర్చోవాలి. మూఢాలు పోగానే జరిగే పెళ్ళికి జాకెట్ల మీద నెమళ్ళు కుట్టివ్వాలి మరి. శుక్రవారం చాయ్ తాగుతూ మమతారాణి వేసుకున్న పథకం ఇంతే.

"రేపు నేను రాను. ఆదిలాబాద్‌ల ప్రోగ్రాం ఉంది" అన్నాడు కరుణాకర్, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

ఆ చూపే కొంప ముంచింది. మమతారాణి అసలే పాలవాడి చెంబు అడుగు తడిమి చూసే మనిషి. ఉల్లిగడ్డలు ఇంటికొచ్చాక మళ్ళీ తూచే మనిషి. అలాంటామె ముందు మగవాడు గ్లాసులోకి చూసి మాట్లాడొచ్చునా?

"మూఢాలల్ల పెండ్లేంది?"

"పెండ్లి కాదు. బర్త్‌డే."

"ఎవలిది?"

"ఒక సేటుది."

"సేటు బర్త్‌డేకు కీబోర్డు వాయించుడేంది? ఆయనేమన్న పసిపోరడా?"

కరుణాకర్ స్నానానికి లేచాడు. ఇంతకీ అతను ఆర్కెస్ట్రా కళాకారుడు. కళాకారుడంటే పెద్దగా ఊహించుకోకండి. డీజే పెట్టెలు వచ్చాక ఆర్కెస్ట్రాల పని అడుగంటింది. పిలిచిన నాలుగు చోట్లా బరాత్ దరువులే కొట్టమంటారు. అతని ప్రాణం మాత్రం జాజ్ ఆర్గన్ మీద. ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే వాహెద్ దగ్గర పాత క్యాసెట్లు విని పట్టుకున్న పిచ్చి అది. మూతపడిన ఓ ఆర్కెస్ట్రా వాళ్ళ రెండు వరసల మెట్ల ఆర్గన్ ఒకటి తెచ్చి ముందు గదిలో పెట్టాడు. ఆ మధ్య రెండు స్పీకరు డబ్బాలు తెస్తే మమతారాణి మగ్గం వంటింట్లోకి జరగాల్సి వచ్చింది. "ఇంకొక్క డబ్బా ఈ గడప దాటిందంటే డబ్బాతోని నువ్వు సుత బయటే" అని ఆమె అప్పుడే తీర్పిచ్చేసింది.

కాసేపటికి మమతారాణి వంటింట్లో మిక్సీ వేసింది. ఆ చప్పుడు ధైర్యంతో కరుణాకర్ పెరట్లో నీళ్ళ గోళెం దగ్గర నిలబడి ఫోన్ అందుకున్నాడు. మిక్సీ ఆగిన సంగతి అతను గమనించలేదు.

"లెస్లీ లేకుంట నేను గా హోటల్ల కూసునుడే దండుగ, వాహెద్ భాయ్! నా పాణమంత దాని మీదనే ఉన్నది... పాతదైతే ఏంది? గొంతు మంచిగుంటె చాలు... ఇంట్ల చెప్పలే. చెప్తే మమత నన్ను బయట పడేస్తది. ముందుగాల తీస్కొస్త, వచ్చినంక చూస్కుందం."

ఇక్కడ తప్పంతా మమతారాణిదే అనుకుంటే అన్యాయం. సగం తప్పు మన భాషది. మనకు ఆడమనిషి వచ్చినా వచ్చిందే, అల్మారా వచ్చినా వచ్చిందే. కోపంలో ఆడమనిషిని కూడా అది అనే అంటాం. లెస్లీ మనిషో వస్తువో తెలుగులో చెవి ఒగ్గి విన్నవాళ్ళకు తేలే అవకాశమే లేదు.

శనివారం తెల్లవారి లేచేసరికి కరుణాకర్ లేడు. అతనితోపాటు ఇంట్లో కొత్త సోలాపూర్ చెద్దరు కూడా లేదు. మమతారాణి అల్మారా రెండుసార్లు వెతికింది. ఏడుస్తూనే గంగాధర ఊళ్ళో ఉన్న తల్లికి ఫోన్ చేసింది. ఎండ ముదరక ముందే తల్లి కిష్టవ్వ, తమ్ముడు సుధాకర్ దిగిపోయారు. సుధాకర్ ప్లాట్ల బేరాలు చేస్తాడు కాబట్టి కరీంనగర్‌లో అతనికి తెలియనివాళ్ళు లేరు. ఆ రోజు అదే పెద్ద చిక్కయింది.

"లెస్లీ అంటే ఏం పేరు బిడ్డా?" కిష్టవ్వ నుదురు ముడేసింది. "మనోళ్ళ పేరు కాదు, సాయిబుల పేరు కాదు. దొరసాని లెక్కుంది."

"ముందు వాహెద్‌కు చెయ్యక్కా. నీకు అంత ఎరికే అన్నట్టు మాట్లాడు. వాడే కక్కుతడు" అన్నాడు సుధాకర్.

మమతారాణి కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "వాహెద్ భాయ్, లెస్లీ సంగతి మా ఆయన నాకు చెప్పిండు."

అవతల వాహెద్ పెద్దగా ఊపిరి వదిలాడు. "చెప్పిండా? మంచిగైంది భాభీ! దాచుడెందుకని నేను ముందునుంచి అంటున్న. నాకు మస్తు ఫికరుండె."

"ఎక్కడిది భాయ్ అది?"

"అసలుకు బొంబాయిది. ఆడ పెద్ద హోటల్ల ఉండె. వయసులున్నప్పుడు గా హోటలంత దాని మోతనే అంటరు. తర్వాత ఆదిలాబాద్ ఓంప్రకాశ్ సేటు తెచ్చి జిన్నింగు మిల్లుల పెట్టుకున్నడు."

"పెట్టుకున్నడా?" కిష్టవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అవ్ భాభీ. సేటు భార్యకేమో పడలే. మిల్లులకెల్లి తీసెయ్, తీసెయ్ అని రోజు లొల్లి. పాపం, పత్తి బేళ్ళ నడుమ పడి ఉన్నది ఇన్నేండ్లు. మన కరుణాకర్ భాయ్ నసీబు, దొరికింది."

"మరి... ఎట్లుంటది?"

"పాతదే గని ఒళ్ళు గట్టిది భాభీ. ఇప్పటికి సుత మంచిగ తిరుగుతది. రెండు తీర్ల తిరుగుతది, మెల్లగ ఒకటి, జోరుగ ఒకటి. నేను చెయ్యి పెడితే ఇంకా కొత్తదైతది!"

"నువ్వు సుతనా భాయ్?" మమతారాణి ఫోన్‌ను ఇంకాస్త దూరంగా పట్టుకుంది. "తెచ్చి ఎక్కడ ఉంచుతరు?"

"మీ ముందరి అర్రల్నే! మంచం జరిపితె జాగైతది అన్నడు గద. ఆదివారాలు హోటలుకు, మిగతా దినాలు మీ ఇంట్ల. మీరు ఒప్పుకున్నరు సూడుండ్రి, మీ దిల్ పెద్దది భాభీ!"

ఫోన్ పెట్టేశాక మమతారాణి మంచం వైపు చూసింది. తన పెళ్ళికి బాపు చేయించిన మంచం. వెంటనే భర్తకు ఫోన్ కలిపింది. అవతల ఎవరో, మెల్లగా అనడానికి, మరాఠీలో "హళూ, హళూ" అంటున్నారు. కరుణాకర్ గొంతు రొప్పుతోంది. "జర మెల్లగ ఎత్తుండ్రి! నడుం కాడ పట్టుండ్రి, గీతలు పడ్తయ్! చెద్దరు కప్పుండ్రి... హలో, మమతా? నేను పనిల ఉన్న, తర్వాత చేస్త."

"నడుం కాడ పట్టుమంటున్నడు! నా చెద్దరు కప్పుమంటున్నడు!" మమతారాణి ఫోన్‌ను మంచం మీదికి విసిరింది.

సుధాకర్ రక్తం మరిగింది. హోటల్ ఏదో కనుక్కోవడం అతనికి చిటికెలో పని. జగిత్యాల రోడ్డులో కొత్తగా తెరిచిన హోటల్లో ఆదివారం సాయంత్రం బావకు ప్రోగ్రాం ఉందని తేలింది. మేనేజరు లక్ష్మీరాజం తెలిసినవాడే.

"రాజన్నా, మా బావ రేపు మీ హోటలుకు లెస్లీ అని ఒకదాన్ని బొంబాయిది తెస్తుండు. అది తలుపు దాటిందా, మా ఆడోళ్ళందరు అచ్చి గడపల కూసుంటరు. చెప్తున్న."

"బొంబాయిదా? నాకేం తెల్వదు తమ్మీ! బాజా వాయిస్తా అంటే సరే అన్న. నాకెందుకీ లొల్లి, ప్రోగ్రాం కాన్సిల్!"

సుధాకర్ మీసం దువ్వుకున్నాడు. ఆ మాటలు లక్ష్మీరాజం గదిలోని సర్వర్లు విన్నారు, సర్వర్ల నుంచి పాన్‌డబ్బాకు చేరాయి. పాన్‌డబ్బాకు చేరాక ఇంక చెప్పేదేముంది!

దీపాలు పెట్టే వేళకు ట్రాలీ బండి వచ్చి ఆగింది. వెనక సోలాపూర్ చెద్దరు కప్పి, తాళ్ళతో కట్టిన ఆకారం నిటారుగా ఉంది. పక్కనే కరుణాకర్ దాన్ని రెండు చేతులా వాటేసుకుని నిలబడి ఉన్నాడు. ఎదురింటి రమ డాబా మీద బట్టలు తీయడం మానేసి పిట్టగోడ దగ్గరికి వచ్చింది. పరువు పోతుందని సుధాకర్ బండిని లోపలికి రానిచ్చి గబుక్కున గేటు మూశాడు.

"కట్టేసి తెచ్చిండు బిడ్డా! ఎంత గోస పెట్టిండో!" అంది కిష్టవ్వ. అంతలోనే చీపురు తిరగేసి, "దిగవే కిందికి!" అని అరిచింది. లెస్లీ దిగలేదు.

మమతారాణి బండెక్కి ఒక్క గుంజు గుంజింది. చెద్దరు ఊడింది. లోపల టేకు రంగు చెక్క పెట్టె. ముందువైపు కిటికీకి ఉన్నట్టు చెక్క రెక్కలు. అంతే.

"లెస్లీ ఏది?" అంది మమతారాణి.

"గిదే" అన్నాడు కరుణాకర్ బెదురుతూ. "గిసొంటి స్పీకరు పెట్టెను లెస్లీ అంటరు. లోపల కొమ్ము తిరుగుతది. ఆర్గన్ చప్పుడు దీంట్లకెల్లి వస్తేనే జాజ్ జాజ్ లెక్కుంటది. డబ్బా తేవద్దన్నవ్ గద, అందుకే చెప్పలే."

కిష్టవ్వ నమ్మలేదు. పెట్టె చుట్టూ తిరిగి, రెక్కల సందులోంచి చూసి, వేలితో తట్టి, "లోపల ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది. మమతారాణికి నవ్వొచ్చింది. పొద్దుటినుంచి బిగబట్టిన ఏడుపు, నవ్వు ఒకేసారి తన్నుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే కరుణాకర్ ఫోన్ మోగింది. హలో అన్నాడు, విన్నాడు, సరే సార్ అన్నాడు. వెళ్ళి గడప మీద కూర్చున్నాడు.

"కాన్సిల్ అంట" అన్నాడు. "ఎవలో ఫోన్ చేసి బెదిరిచ్చిన్రంట."

సుధాకర్ జామచెట్టు ఆకులు లెక్కపెట్టసాగాడు.

"ఇన్నేండ్లు పెరుగన్నం గిన్నెల పక్కకు కూసోబెట్టి వాయించుమన్నరు, వాయించిన. పాట నడుమ మైకు గుంజుకొని నల్ల కారు జరుపుండ్రి అన్నరు, ఊకున్న. నాకు నచ్చింది నేను వాయించే జాగ ఒక్కటి దొరికె మమతా. రేపు వింటం, నచ్చితే ఎప్పటికి పెట్టుకుంటం అన్నరు. గది సుత పోయింది."

అతను కోప్పడి ఉంటే మమతారాణి పది మాటలు అనేది. అతను కోప్పడలేదు. పాలవాణ్ణి అనుమానిస్తే పాలవాడు మర్నాడు చిక్కటి పాలు పోస్తాడు. ఈయన ఏం పోస్తాడు? తమ్ముడి జేబులోంచి ఫోన్ లాక్కుని లక్ష్మీరాజానికి తనే చేసింది.

"సార్, నేను కరుణాకర్ భార్యను. లెస్లీ వస్తే మాకేం అభ్యంతరం లేదు. మా తమ్ముడు తెల్వక మాట్లాడిండు. రేపు నేనే దగ్గరుండి తీస్కొస్త."

"మీరా? మీరే తీస్కొస్తరా అమ్మా?"

"అవ్ సార్. మా ఇంట్లనే ఉన్నది. ఇప్పుడే చెద్దరు తీసి చూసిన, మంచిగనే ఉన్నది. మా అవ్వ సుత చూసింది. మాకందరికి ఇష్టమే."

పాపం, లక్ష్మీరాజానికి అనుమానంగానే ఉంది. కాని సాయంత్రం నుంచి లెస్లీ ఎప్పుడొస్తుందని ఫోన్ల మీద ఫోన్లు. "అయితే తోల్కరాండ్రి" అన్నాడు మెల్లగా.

ఆదివారం సాయంత్రం హోటల్ హాల్లో కుర్చీ ఖాళీ లేదు. గ్రానైటు క్వారీల వాళ్ళు, విత్తనాల డీలర్లు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలు. ఒక్కరూ వేదిక వైపు చూడటం లేదు. అందరి కళ్ళూ తలుపు మీదే. మూలన ఆర్గన్ ముందు కరుణాకర్, అతని వెనక పెట్టె. ఇంతమంది కదలకుండా కూర్చుని ఉండగా అతను పెళ్ళిళ్ళలో కూడా వాయించలేదు. మమతారాణి వైపు చూశాడు. ఆమె చేత్తో కానీ అన్నట్టు సైగ చేసింది.

పెట్టెలో కొమ్ము మెల్లగా తిరగడం మొదలైంది. అలలు అలలుగా వస్తున్న ఆ స్వరం ఇంట్లో ఎన్నోసార్లు విన్నదే అనుకుంది మమతారాణి. కాదు, ఇది వినలేదు. ఒకచోట స్వరం ఆగి ఆగి, ఇంక రాదేమో అనిపించి, ఒక్కసారి జోరందుకుంది. మొగుడి మొహంలో ఇంత వెలుగు ఉందని ఆమెకు తెలియదు. పెట్టె అయినా సరే, కాస్త కుళ్ళుకుంది కూడా.

జనం మాత్రం లెస్లీ కోసం చూస్తూనే ఉన్నారు. ఖాళీగా ఎలా కూర్చుంటారు? ఇంకో ప్లేటు తెప్పించారు. లేచి వెళ్తే, వెళ్ళిన మరుక్షణమే ఆమె వస్తుందేమోనని ఎవరూ లేవలేదు. అలా చూస్తూ చూస్తూ ఓ క్వారీ యజమాని బల్ల మీద తాళం వేయసాగాడు. కాసేపటికి తలుపుకు వీపు పెట్టి కుర్చీ తిప్పుకున్నాడు. ఇంకొకడు తిప్పుకున్నాడు. చివరికి చప్పట్లు కొట్టారు, నిజం చప్పట్లు. కరుణాకర్ ఎవరికోసమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

లక్ష్మీరాజం చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "అన్నా, లెస్లీ ఏది?"

కరుణాకర్ పెట్టె మీద చెయ్యేశాడు.

మేనేజరు పెట్టెను చూశాడు, హాలును చూశాడు. వంటింట్లో బిర్యానీ అయిపోయి సర్వర్లు చేతులెత్తేస్తున్నారు. గొంతు తగ్గించి, "గీ సంగతి ఎవలకు చెప్పకుండ్రి. ప్రతి ఆదివారం రాండ్రి. బయట బోర్డు మీద లెస్లీతోని అని రాయిస్త" అన్నాడు.

నెల తిరక్కుండానే ఎదురింటి రమ జాకెట్ వంక పెట్టుకుని వచ్చింది. మూసిన ముందు గది తలుపు వైపు మెడ సాచి, గొంతు తగ్గించింది. "ఆమె ఇంకా మీ ఇంట్లనే ఉంటున్నదా చెల్లె? నువ్వెట్ల సైస్తున్నవే?"

మమతారాణి నెమలి కన్ను మీద పూస బిగించి, దారం పంటితో తెంపింది.

"సైసుడేందక్కా, ఆమె కష్టంతోనే గద మా ఇల్లు నడుస్తుంది."