లీలాకుమారి పేరున ఒక టేబుల్

గురువారం పొద్దున లక్ష్మయ్య వాకింగ్‌కని గేటు దాటగానే లీలాకుమారి ఫోన్ అందుకుంది. ఆదివారం ఆయనకు డెబ్బయ్యేళ్లు నిండుతాయి. మధురానగర్‌లోని రెండు గదుల ఫ్లాట్‌లో పాయసం వండి ఊరుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆయనకు చెప్పకుండా, పాత స్నేహితులను కూడా పిలిచి, చంద్రశిలలో భోజనం పెట్టించాలని అనుకుంది.

చంద్రశిల ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో పేరున్న రెస్టారెంట్. ఒకప్పుడు అది హోటల్. సినిమా కంపెనీలు మద్రాసు నుంచి ఒక్కొక్కటిగా తరలి వస్తున్న రోజుల్లో సగం పరిశ్రమ దాని ముప్పయ్యారు గదుల్లోనే నిద్రపోయేది. లక్ష్మయ్య అక్కడ ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఆపరేటర్. డబ్బింగ్ చెప్పడానికి తెనాలి నుంచి వచ్చిన లీలాకుమారిని కంపెనీవాళ్లు అక్కడే దించారు. రోజంతా ఏడుపు సీన్లు చెప్పి, బొంగురుపోయిన గొంతుతో ఆమె ఇంటికి ఫోన్ కలపమంటే, "జర లైన్ల ఉండుండ్రి" అనేవాడు లక్ష్మయ్య. ఆమె మాట్లాడటం పూర్తయ్యేలోగా గదికి మిరియాల పాలు వచ్చేవి. ఆమె ఏనాడూ అడగలేదు, ఆయన ఏనాడూ మానలేదు. ఏడాదిలో పెళ్లయింది. తర్వాత కొన్నేళ్లకు హోటల్ మూతపడి, చాలాకాలం తాళం వేసే ఉంది. పోయినేడు ఎవరో పుణ్యం కట్టుకుని, ఆ రాతి గోడలూ టేకు మెట్లూ కదపకుండా మళ్లీ తెరిచారు.

"గుడ్ మార్నింగ్, చంద్రశిల. మేనేజర్ సాయిశ్రీనివాస్ మాట్లాడుతున్న."

"నమస్కారమండీ. ఆదివారం మధ్యాహ్నం ఎనిమిది మందికి టేబుల్ కావాలి. పాత డైనింగ్ హాల్లో, కిటికీ పక్కన."

అవతల కుర్చీ జరిపి లేచి నిలబడిన చప్పుడైంది. "మేడం... ఈ గొంతు... చారులత గారిది కదా?"

చారులత ముంబై నుంచి వచ్చి, పదేళ్లు తెలుగు తెరను ఏలి, పెళ్లి చేసుకుని తిరిగి వెళ్లిపోయిన కథానాయిక. ఇరవై ఆరు సినిమాల్లో ఆమె నవ్వింది, ఏడ్చింది, పెదవులు కదిపింది. మాటలన్నీ లీలాకుమారివి. అరవై దాటినా ఆ గొంతుకు మాత్రం వయసు రాలేదు. ఆటోవాళ్లూ కూరగాయలవాళ్లూ ఇదే ప్రశ్న అడగటం ఆమెకు అలవాటే.

"అవును బాబూ, ఆ గొంతే," అంది నవ్వుతూ.

"అయ్యో మేడం! మీరు మా దగ్గరికొస్తున్నరా! పేరు ఏమని రాసుకోమంటరు?"

"లీలాకుమారి అని రాసుకోండి."

"సమజైంది మేడం. బయట ఎవ్వరికీ తెల్వనియ్య."

"ముఖ్యంగా మా ఆయనకి తెలియకూడదండీ. అసలు నేను మనసు పారేసుకుంది ఆ హోటల్లోనే," అనేసి, గేటు చప్పుడు వినబడటంతో ఆమె గబుక్కున ఫోన్ పెట్టేసింది.

సాయిశ్రీనివాస్ మాట మీద నిలబడే మనిషి. ఒక్క యజమానురాలు మనోజకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మనోజ కూడా ఒక్క చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రానికి ఒక యూట్యూబ్ ఛానల్ 'భర్తకు తెలియకుండా హైదరాబాద్‌కు చారులత! మారుపేరు లీలాకుమారి! ఎవరా పాత ప్రియుడు?' అని వార్త వేసింది. శనివారం కృష్ణానగర్ మలుపు దగ్గర చారులతకు స్వాగతమంటూ ఫ్లెక్సీ లేచింది. అది చూసి మనోజ పూలూ, బ్యాండూ, బాల్కనీలో మైకూ పెట్టించింది. ఒక్కరికే చెప్పిన గుట్టు ఊరంతా ఎలా పాకిందా అని సాయిశ్రీనివాస్ ఆ రాత్రి దిగులుపడ్డాడు.

ఆదివారం, గృహప్రవేశానికని చెప్పి లీలాకుమారి భర్తను ఆటో ఎక్కించింది. చంద్రశిల ముందు దిగేసరికి రోడ్డు నిండా జనం. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసిన నీలమ్మ, వంటమాస్టర్ రాములు, మరో నలుగురు పాత ఉద్యోగులు గోడ పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నారు.

"లీలా, ఏంది గిది? ఇది మన హోటల్ గదా?" అన్నాడు లక్ష్మయ్య. ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆగకుండా తలెత్తి పైఅంతస్తు కిటికీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ నిలబడిపోయాడు.

ఆమె సెక్యూరిటీ దగ్గరికి వెళ్లి, బ్యాండు మోతలో వీలైనంత గట్టిగా అరిచింది. "టేబుల్ బుక్ చేశామండీ! లీలాకుమారి పేరున!"

"ఆ పేరు మీద హీరోయిన్ వస్తుందమ్మా. జర పక్కకు జరుగుండ్రి."

"నేనే లీలాకుమారిని!"

"పొద్దుగాల్నుంచి మీరు నాలుగో లీలాకుమారి," అన్నాడతను విసుగ్గా.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు నీలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వెనుక లాండ్రీ గేటుంటది గదక్కా. ఇరవయ్యేండ్లు గట్లనే వచ్చిన. పా."

ఎనిమిది మందీ ఇస్త్రీ గది మీదుగా వంటింట్లోకి వచ్చారు. తెల్ల టోపీల వంటవాళ్లు నోరు తెరిచి చూస్తుండగా రాములు బగారా అన్నం మూత తీసి వాసన చూశాడు. "షాజీరా తక్కువైంది బిడ్డా," అని మూత పెట్టాడు. లక్ష్మయ్య ఎవరికోసమూ ఆగలేదు. రిసెప్షన్ వెనక, గోడకు అలంకారంగా ఆయన స్విచ్‌బోర్డు ఉంది. దాని మీద మనీప్లాంటు కుండీ పెట్టారు. ఆయన కుండీ దించి, జేబురుమాలుతో బోర్డును తుడిచి, దాని ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే బయట పెద్ద కేక లేచింది. అసలు చారులత కారు దిగింది.

యూట్యూబ్ వార్త చూసిన నాటి నుంచి ముంబైలో ఆమె భర్త ఆమెతో మాట్లాడటం మానేశాడు. తన పేరు వాడుకున్నది ఎవరో తేల్చుకుందామని ఆమె పొద్దున్నే విమానమెక్కింది. సాయిశ్రీనివాస్ ఆమెను పూల మీద నడిపించి, నేరుగా బాల్కనీ మైకు ముందు నిలబెట్టాడు.

"నేను సీక్రెట్‌గా ఎవర్నీ మీట్ అవ్వడానికి రాలే! ఇదంతా ఝూట్!" అంది చారులత.

గరగరమనే గొంతు. బ్యాండు ఆగిపోయింది. టోలిచౌకి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. "ఈమె చారులత కాదు! ఆమె గొంతు మాకు తెల్వదా?"

"డూప్‌ను పంపిండ్రు!" అని ఇంకెవరో అరిచారు. జనం ఒక్కసారిగా గేటు మీద పడ్డారు. పూలకుండీలు దొర్లాయి. సాయిశ్రీనివాస్ ఆమెను లోపలికి లాగి, కిందికి తీసుకొచ్చి, తలుపులన్నీ వేయించాడు.

ఆ నిశ్శబ్దంలో రిసెప్షన్ వెనక నుంచి స్పష్టంగా వినిపించింది. "ఏమండీ, ఆ వైర్లు ముట్టుకోకండి. షాక్ కొడుతుంది."

చారులత, సాయిశ్రీనివాస్ ఇద్దరూ ఉన్నచోటే ఆగిపోయారు. చారులత మెల్లగా నడిచి వచ్చి, నేత చీరలో ఉన్న ఆ పెద్దావిడను ఎగాదిగా చూసింది.

"మీరేనా... నేను?" అంది.

"ఇరవై ఆరు సినిమాలండీ," అంది లీలాకుమారి. "ఒక్కసారీ కలవలేదు మనం."

"మరి ఫోన్ల ఆ గొంతే అన్నరు గద మేడం!" సాయిశ్రీనివాస్ గోడకు ఆనుకున్నాడు.

"నాదే కదండీ మరి."

బయట గేటు కిర్రుమంది. చారులత కోపం మరిచిపోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "దీదీ, ప్లీజ్. లాస్ట్ టైమ్."

రెండు నిమిషాల్లో చారులత పలకని మైకు పట్టుకుని బాల్కనీలో నిలబడింది. పలికే మైకు పట్టుకుని లీలాకుమారి పరదా వెనక నిలబడింది. "అభిమానులందరికీ నా నమస్కారం" అన్న మొదటి మాటకే జనం ఈలలు వేశారు. టోలిచౌకి పెద్దమనిషి చెంపలు వేసుకున్నాడు.

తర్వాత ఏం చెప్పాలో లీలాకుమారికి తోచలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు కాగితం చేతికిచ్చేవారు. వెనక్కి చూసింది. ఆమె వెంట మెట్లెక్కి వచ్చిన లక్ష్మయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ హోటల్లో స్విచ్‌బోర్డు దగ్గర లక్ష్మయ్య గారని ఒకాయన కూర్చునేవారు," అంది ఆమె నెమ్మదిగా. "నేను ఊరికి కొత్త. ఆకలేస్తోందని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. నేను దగ్గితే ఆయన ఫోన్‌లో విని మిరియాల పాలు పంపేవారు. అప్పట్లో నా గొంతు అందరూ విన్నారు. నా గొంతు నొప్పి విన్నది ఆయనొక్కరే. ఇవాళ ఆయనకి డెబ్బయ్యేళ్లు. అందుకే వచ్చాను."

చారులత ఒక్క పెదవి కదలిక కూడా తప్పలేదు. ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. అవి గ్లిజరిన్ నీళ్లు కావు. లక్ష్మయ్య మొహం జేబురుమాలులో దాచుకున్నాడు. ఆయన్ను చూపించమని జనం గోల చేస్తే చారులత ఆయన చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకొచ్చి, తనకోసం తెచ్చిన దండను ఆయన మెడలో వేసింది.

కిటికీ పక్కన ఎనిమిది మంది టేబుల్ దగ్గర తొమ్మిది మంది కూర్చున్నారు. రాములు చెప్పినట్టు షాజీరా మళ్లీ వేసి తెచ్చారు. కేకు మీద 'వెల్‌కమ్ చారులత' అని ఉంది. లక్ష్మయ్య అదే కోశాడు. వార్తలో దండ వేసుకున్న పాత ప్రియుడి ఫోటో చూశాక, చారులత భర్త ఆమెకు ఫోన్ చేశాడు. చాలాసేపు నవ్వాడట.

సోమవారం లక్ష్మయ్య కటింగ్‌కి వెళ్లాడు. షాపు నడిపే తిరుమలేశ్ కత్తెర పక్కన పెట్టి, చేతులు జోడించాడు.

"గంత పెద్ద హీరోయిన్ మనసిస్తే ఎట్ల ఇడిశిపెట్టినవ్ సార్?" అని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్ల అమ్మకు తెల్సా?"

"తెల్సు," అన్నాడు లక్ష్మయ్య. "చెప్పిందే ఆమె."