వలస లేని ఆట

గుండ్లకమ్మ పొంగిన ఏడు, అందులో కలిసే వాగు ఎర్రబోడుపల్లె చప్టాను ఎత్తుకుపోయింది. ఇది ఆ తర్వాత వచ్చిన రెండో ఎండాకాలం నాటి మాట. వరద చప్టాతో పాటు దాని శిలాఫలకాన్ని కూడా తీసుకుపోవడంతో, చప్టా కట్టించింది ఏ ప్రభుత్వమన్న వాదన ఊళ్లో ఇంకా తేలలేదు. నీళ్లు మాత్రం ఆ ఒక్క పూట కనబడి, మళ్లీ కనబడలేదు.

సరిగ్గా ఆ ఎండల్లోనే సాంకేతిక ఉల్లాస శాఖ మంత్రిగారు మార్కాపురంలో మైకు ముందు నిలబడి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు. మన యువత వ్యవసాయం వదిలేసి సెల్‌ఫోన్లో ఆటలాడుతోంది కాబట్టి, ఇక వ్యవసాయాన్నే సెల్‌ఫోన్లోకి తెస్తున్నామన్నారు. ఆ వీడియో గేమ్ పేరు 'పచ్చని పల్లె'. దున్నడం, విత్తడం, బోరు వేయడం, అంతా ఒక్క వేలి పని. చెమట పట్టదు.

"పట్టినా తెర తుడుచుకుంటే సరిపోతుంది" అని మంత్రిగారు నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి పత్రికలవాళ్లు కూడా నవ్వారు.

గేమ్ ప్రారంభోత్సవానికి అర్ధవీడు అవతల గుట్టల కిందున్న ఎర్రబోడుపల్లెను ఎంచుకున్నారు. అంత చదునైన ఖాళీ నేల మండలంలో ఇంకెక్కడా లేదు. పైరు ఉంటే షామియానా ఎక్కడ వేస్తారు?

ఆ ఊరి పార్టీ కార్యకర్త రంగనాయకులు. నిద్రలో కూడా కండువా తీయని నిబద్ధత గలవాడు. మంత్రిగారి చేతుల మీదుగా ఫోన్ అందుకుని ఆట మొదలుపెట్టడానికి ఒక అసలైన రైతును వెతికే బాధ్యత అతనిమీద పడింది. అతను నేరుగా టీ బంకు దగ్గరికి పోయాడు. ఊళ్లో మేధావులంతా అక్కడే ఉంటారు.

"వీడియో గేమ్ అంటే మీ అభిప్రాయం ఏంది?" అని అడిగాడు.

అభిప్రాయాలకు ఆ ఊళ్లో కరువు లేదు. వీడియో గేములు ఆడితే మెడలు వంగిపోతాయని ఒకరన్నారు. వంగిన మెడలైతే ఓటు వేసేటప్పుడు వాటంగా ఉంటాయని ఇంకొకరన్నారు. రేపు రోబోలొచ్చి గొర్రెలు కాస్తాయంట గదా అని మూడోవాడు ఆరా తీశాడు. కాస్తే కాయనీలే, రోబోకు నీళ్లు పెట్టే పనన్నా ఉండదని పోలమ్మ టీ వడపోస్తూ తేల్చేసింది. అక్కడినుంచి మాట ఏదో దేశం యుద్ధం మీదికి పోయింది, దాన్ని ఎట్ల ఆపాలో కూడా రెండో టీ లోపల తేలిపోయింది.

బల్ల చివర కూర్చున్న ఓబులేసు మాత్రం ఏమీ అనలేదు. ఆయనకు మూడెకరాల మెట్ట, ఒక గొర్రెల మంద, చెంచమ్మ అనే భార్య ఉన్నారు. ఊరు మొత్తానికి రోజూ ఒక ట్యాంకరు వస్తుంది. మనుషులు పట్టుకోగా మిగిలింది ఓబులేసు ఇంటిముందున్న తొట్టికి సగం కూడా రాదు. రెండో ట్రిప్పు వస్తే గొర్రెలు నిలుస్తాయి. రాకపోతే మందను తోలుకుని, కోతలైన కాలువ కింది మాగాణులకు పోవాలి. నిరుడు అట్లనే పోయారు. ఆ నడకలో చెంచమ్మ మోకాలు చెడింది.

"ఈ ఏడు నేను కదలను. నీళ్లన్నా తెప్పించు, లేకపోతే గొర్రెలన్నా అమ్ము" అని చెంచమ్మ ఉగాది నాడే చెప్పేసింది. గొర్రెలు అమ్మితే ఆయనకు ఇంక పొద్దు ఎట్ల పోతుందో ఆమెకూ తెలుసు, అందుకే ఆ మాట రెండోసారి అనలేదు.

"మామా, నీ అభిప్రాయం?" అని రంగనాయకులు ఓబులేసును అడిగాడు.

"ట్యాంకరు ఇంకో ట్రిప్పు" అన్నాడు ఓబులేసు.

"అది గాదు మామా. వీడియో గేముల గురించి."

ఓబులేసు టీ గ్లాసు కింద పెట్టి లేచి పోయాడు.

రంగనాయకులు కళ్లు మెరిశాయి. పగలంతా కలిసి నాలుగు మాటలు మాట్లాడే రైతు! మైకు ముందు నోరు జారే ప్రమాదమే లేదు. ఇంతకన్నా ఆదర్శ రైతు జిల్లాలోనే దొరకడు. వెనకాలే పరిగెత్తి, "మామా, నువ్వు స్టేజీ ఎక్కు. ట్యాంకరు సంగతి మంత్రిగారినే అడుగుదువు గాని" అన్నాడు.

ఓబులేసు ఆగి, తలూపాడు.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారి కళ్లలో దుమ్ము పడకూడదని పొద్దున్నే ఊరి ట్యాంకరుతో స్టేజీ చుట్టూ నీళ్లు చల్లించారు. చల్లిన చోటల్లా గొర్రెలు వచ్చి నేల నాకాయి. వాటిని తరమడానికి ఇద్దరు పోలీసులను పెట్టారు. శాంతిభద్రతలు అదుపులోకి వచ్చాయి.

స్టేజీ మీద ఇంటి గోడంత తెర. దాని పక్కన గేమ్ తయారు చేయించిన ప్రత్యేకాధికారి చంద్రశేఖరరావు గారు. విదేశాల్లో శిక్షణ పొందినవారు. మైకు తీసుకుని గర్వంగా చెప్పారు.

"ఇది ఉత్తుత్తి ఆట కాదు సార్. ప్రతి మండలం భూమినీ ఉపగ్రహంతో ఫోటో తీసి పెట్టాం. భూమి లోపలి నీళ్ల లెక్కలు కూడా అసలువే. వంద శాతం రియలిస్టిక్!"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే ఆయన ఆఫీసులో ఎప్పుడు ఆడి చూసినా డెల్టా మ్యాపు పెట్టుకుని ఆడేవారు. అక్కడ వేలు ఆనిస్తే చాలు నీళ్లు. ఈ మండలం మ్యాపు తెరవడం ఆయనకూ అదే మొదటిసారి.

మంత్రిగారు ఫోన్‌ను ఓబులేసు చేతిలో పెట్టారు. తెరమీద ఎర్రబోడుపల్లె కనబడింది. గుట్ట, వాగు, చప్టా లేని చోటు, అన్నీ ఉన్నాయి. మధ్యలో తలపాగా చుట్టుకున్న బొమ్మ రైతు, వెనక నాలుగు బొమ్మ గొర్రెలు. జనం ఈలలు వేశారు.

"బోరు వేయండి పెద్దాయనా" అన్నారు అధికారి.

ఓబులేసు వేలు ఆనించాడు. తెరమీద బోరు లారీ వచ్చింది. గడగడమని తవ్వింది. తెల్లటి దుమ్ము లేచింది. 'నీరు పడలేదు' అని అక్షరాలు వచ్చాయి.

సభలో నవ్వు రాలేదు. అందరికీ అలవాటైన దుమ్మే.

"వాగు పక్కన వెయ్యి మామా!" అని ఒకడు అరిచాడు.

"వాగు పక్కన మా నాయన వేసినాడు, బండే తగిలింది. గుట్ట మొదట్లో వేస్కో!" అని ఇంకొకడు.

గుట్ట మొదట్లో వేశాడు. దుమ్ము. మంత్రిగారు అధికారి వైపు చూశారు. అధికారి తెర వైపు చూశారు.

అప్పుడు సభలోంచి నరసింహులు లేచాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ బోరు పాయింట్లు పెట్టేది అతనే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది.

"పాయింటు చూడకుండా బోరేంది సారూ? అందుకే పడలేదు" అంటూ స్టేజీ ఎక్కి, మంత్రిగారికి స్వాగతం చెప్పడానికి తెచ్చిన కాయల్లో ఒకటి తీసుకున్నాడు. తెర ముందుకు పోయి, కింది నుంచి పైకి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది అయ్యే పని గాదు. భూమిని పడుకోబెట్టండి. నిలబడిన భూమి మీద కాయ ఎట్ల లేస్తది?"

అధికారి ఏదో చెప్పబోయారు. మంత్రిగారు ఆపారు. "ప్రజల విశ్వాసాన్ని గౌరవించండి" అన్నారు. ఎదురుగా కెమెరాలున్నాయి.

ఓబులేసు చేతిలోని ఫోన్‌ను స్టేజీ నడుమ కొత్త తువ్వాలు పరిచి పడుకోబెట్టారు. నరసింహులు దాని చుట్టూ అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగాడు. ఈశాన్యం మూలకు వచ్చేసరికి కాయ సర్రున లేచి నిలబడింది. చప్పట్లు మోగాయి. ఓబులేసు వంగి ఆ మూల వేలు ఆనించాడు.

దుమ్ము.

"కాయ తప్పు గాదు. చెప్పులేసుకొని పెద్దోళ్లు పక్కనుంటే ఎట్ల పడతది?" అన్నాడు నరసింహులు.

మంత్రిగారు చెప్పులు విడిచారు. అది చూసి అధికారి బూట్లు విప్పారు. సాంకేతిక ఉల్లాస శాఖ మొత్తం వట్టి కాళ్లతో నిలబడగా ఇంకో కాయ లేచింది. ఇంకో బోరు వేశారు. ఇంకాస్త దుమ్ము లేచింది.

ఆ తర్వాత ఓబులేసు ఎవరినీ ఏమీ అడగలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఇన్ని బోర్లు ఎండాక మనిషి ఏం చేస్తాడో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బొమ్మ రైతును, బొమ్మ గొర్రెలను మెల్లగా తూర్పు వైపు నడిపించాడు. పొలాలు దాటాయి. పొలిమేర దగ్గరికి వచ్చేసరికి రైతు దేనికో కొట్టుకున్నట్టు టక్కున ఆగిపోయాడు. తెరమీద అక్షరాలు పడ్డాయి: 'ఊరి హద్దు ఇంతే. వెనక్కి తిరగండి.'

ఓబులేసు దక్షిణం వైపు నడిపించాడు. టక్. పడమర. టక్. గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"ఏం చేస్తున్నాడయ్యా ఇతను?" అన్నారు మంత్రిగారు చిన్నగా.

"ఊరు వదిలిపోదామని చూస్తున్నాడు సార్. కానీ మన గేమ్‌లో బయట అనేది లేదు. కంటికి కనబడని గోడ ఉంటుంది."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. గొప్పవాళ్లకు ఆ క్షణం చాలు. మైకు అందుకున్నారు.

"చూశారా! ఏళ్ల తరబడి ఈ గడ్డను పట్టి పీడించిన వలసను మా ఆటలో పూర్తిగా నిర్మూలించాం! ఇక ఎర్రబోడుపల్లె నుంచి ఒక్క రైతు, ఒక్క గొర్రె కూడా బయటికి పోయేది లేదు!"

రంగనాయకులు కుర్చీ ఎక్కి జేజేలు కొట్టాడు. వలస సమస్య అట్లా పరిష్కారమైంది. ఇక నీళ్లే మిగిలాయి.

మంత్రిగారు మైకు పక్కకు పెట్టి, "భోజనాల లోపల నీళ్లు రావాలి" అన్నారు.

చంద్రశేఖరరావు గారు స్టేజీ వెనక్కి పోయి ల్యాప్‌టాప్ తెరిచారు. అన్నం వడ్డించే సమయానికి 'అప్‌డేట్' వచ్చింది. ఓబులేసు వేలు ఆనించగానే తాటిచెట్టంత ఎత్తున నీళ్లు ఎగజిమ్మాయి. తెరంతా నీలం. నీళ్ల చప్పుడు మైకుల్లో హోరెత్తింది. ముందు వరసలో కూర్చున్న పోలమ్మ తనకు తెలియకుండానే పక్కనున్న ఖాళీ బిందె పట్టుకుని లేచి, చుట్టూ చూసి, మళ్లీ కూర్చుంది.

మంత్రిగారు ఓబులేసుకు శాలువా కప్పి, 'డిజిటల్ రైతురత్న' బిరుదు ఇచ్చి, ఆ ఫోన్ కూడా బహుమతిగా ఇచ్చేశారు. భుజం మీద చెయ్యి వేసి, "ఏం కావాలో అడుగు పెద్దాయనా" అన్నారు.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"ట్యాంకరు సారూ. ఇంకో ట్రిప్పు. గొర్రెలకు."

మంత్రిగారు అధికారి వైపు తిరిగారు. అధికారి ల్యాప్‌టాప్‌లో చూసి కంగారుపడ్డారు.

"సార్, ఈ ఊళ్లో నలభై అడుగుల్లోనే నీళ్లున్నాయి."

"ఎవరు చెప్పారు?"

"మన లెక్కలే సార్. ఇందాకే మార్చాం. ట్యాంకర్లు పంపేది కూడా ఈ లెక్కలు చూసే."

"నలభై అడుగుల్లో నీళ్లుంటే రెండో ట్రిప్పు ఎందుకు?"

"మొదటి ట్రిప్పు కూడా ఎందుకో తెలియడం లేదు సార్."

"ఆపేయండి. ప్రజాధనం అది" అన్నారు మంత్రిగారు. ప్రజాధనం విషయంలో ఆయన చాలా కఠినంగా ఉంటారు. చెప్పులు వెతికించుకుని కారెక్కారు.

ఓబులేసు ఇల్లు చేరేసరికి చెంచమ్మ వాకిట్లో మోకాలికి ఆముదం రాసుకుంటోంది.

"శాలువా బాగుంది. ట్యాంకరు అడిగినావా లేదా?"

"అడిగినా."

"ఏమన్నారు?"

"మనకు నీళ్లు పడినాయంట."

చెంచమ్మ తొట్టి వైపు చూసింది. ఫోన్ వైపు చూసింది. అందులో బోరు పోస్తూనే ఉంది.

"ఎవురికి పడినాయంట?"

ఓబులేసు శాలువా తీసి పక్కన పెట్టాడు. ఆమె మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుంది. ఆ తర్వాత లోపలికి పోయి దారి సద్దికి జొన్నపిండి తీసింది.

మర్నాడు ఇంకా పొద్దు పొడవకముందే ఓబులేసు గొర్రెలను విప్పాడు. ఇంటికి తాళం వేశాడు. ఫోన్‌ను తొట్టి అడుగున పెట్టాడు. రెండు గొర్రెలు తల వంచి అందులోని నీళ్ల చప్పుడు విని, మూతి ఆనించి చూసి, మందలో కలిశాయి. చెంచమ్మ కర్ర పట్టుకుని వెనక నడిచింది.

పొలిమేర దగ్గర రంగనాయకులు నిచ్చెన ఎక్కి కొత్త ఫ్లెక్సీ కడుతున్నాడు. 'వలస లేని గ్రామానికి స్వాగతం' అని రాసి ఉంది. దాని మీద మంత్రిగారు చేతులు జోడించి ఉన్నారు, పక్కన చిన్నగా శాలువా కప్పుకున్న ఓబులేసు కూడా ఉన్నాడు.

"ఏం మామా, తెల్లారకముందే ఎక్కడికి? పేపరోళ్లు నీ అభిప్రాయం కోసం వస్తున్నారు!"

ఓబులేసు మందను ఆపాడు. ఫ్లెక్సీ కిందికి వచ్చి నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాచాడు. గాలిలో అటూ ఇటూ మెల్లగా తడిమాడు.

"ఏం వెతుకుతున్నావు మామా?"

"గోడ" అన్నాడు ఓబులేసు.

చెయ్యి దించి, గొర్రెలను ముందు పోనిచ్చాడు. చెంచమ్మను దాటించాడు. తర్వాత తానూ దాటాడు.